ఓవర్సీరు బావగారు

మా పెద్దబావగారి చేతికఱ్ఱ నడకకై ఏర్పడినది కాదు. మోకాళ్ల విషయమున ఆయన నాకంటె దిట్ట. ఆ కఱ్ఱ కొనకు ఇనుపపొన్ను తొడిగించి, దాని పొడవునను అంగుళమునకొక గాటు చొప్పున పెట్టించి, కొలబద్దగను గడ్డపాఱగను ఏకకాలమున ఉపయోగించు విద్యను ఆయన పింఛను పుచ్చుకొనిన పిమ్మట సాధించిరి. క్రొత్తగా తారు పఱచిన వీథి కనబడెనా, దాని అంచుకడ నిలిచి, ఎవరికొఱకో ఎదురుచూచుచున్నట్లు నటించుచు, పొన్నును పొరక్రిందికి దూర్చి మెల్లగా పైకి మీటుదురు. పొర చాపచుట్టవలె లేచివచ్చినచో నాడు రెండవమారు పెరుగన్నము అడిగి వేయించుకొందురు. లేవక మొండికెత్తినచో ముభావముగా మంచమెక్కుదురు. దేశక్షేమమును కోరువారు బాట గట్టిగా నున్నందుకు చింతింపనేల యని మా అక్కయ్య వేసిన ప్రశ్నకు ఆయన నేటివఱకును ప్రత్యుత్తరమీయలేదు.

ఇట్టివారొకరు లేని ఊరు మన సీమలో ఉన్నదనుకొనను. గోదావరి డెల్టాలోని మా చిన్న పట్టణమునకు ఆ కొఱత బావగారు తీర్చుచున్నారు. ఒకానొక ఇంజనీరింగు శాఖలో ఓవర్సీరుగా ప్రవేశించి, యౌవనమెల్ల కంకరగుట్టలు కొలుచుటయందు వ్యయించి, ఆ ఉద్యోగము పేరు మారి 'ఏఈ' యైన తరువాత విరమించిన వీరు, తమ్ము ఊరివారు నేటికిని ఓవర్సీరుగారనియే పిలువవలెనని కోరుదురు. ఏఈ అన్న రెండక్షరములలో కొలతగొలుసు శబ్దము వినబడదట.

ఆయనతోడి బస్సుప్రయాణము పూర్వజన్మమున చేసికొన్న పాపమునకు ఫలము. కిటికీప్రక్క చోటు ఆయనదే. "టాక్ కోటు కొట్టలేదోయ్ వీళ్లు. పాత పొర పాతదే, కొత్త పొర కొత్తదే. వానొస్తే ఎవడి దారి వాడిది" అని ఆరంభించి, తారుకంకర 140 డిగ్రీలకు తగ్గని వేడిమిమీద పఱవవలెననియు, అది 90 డిగ్రీలకు దిగకమునుపే రోలరు తన పని ముగింపవలెననియు, ప్లాంటునుండి బయలుదేరిన లారీవాడు నడుమ భోజనముచేసి ఒక కునుకుతీసి వచ్చినచో నడుగువారెవ్వరనియు ఆయన గొంతెత్తి వివరించుచుండగా, ముందుసీటులోని పెండ్లివారు పెండ్లి మాటలు మాని రోలరు మాటలు వినవలసివచ్చును. నేను నిద్ర నటింతును. గొయ్యి వచ్చినపుడు మాత్రము ఆయన నన్ను భుజము తట్టి లేపుదురు; బస్సు చేసిన పని చాలదన్నట్లు.

ఆయనకు ఇష్టదైవము వేంకటేశ్వరుడే గాని, పారాయణగ్రంథము మాత్రము ఎం.బుక్కు. జరిగిన పనిని కొలిచి వ్రాయు ఆ పుస్తకమున పుటలకు వరుససంఖ్యలు అచ్చుపడియుండవలెను. వ్రాసిన అంకెను చెరుపరాదు, దిద్దరాదు. తప్పుపడినచో అడ్డముగా గీత కొట్టి, ప్రక్కన పొడి సంతకము చేసి, మరల వ్రాయవలెను. పై యధికారి కొన్ని కొలతలను తాను స్వయముగా సరిచూచి ఒప్పవలెను. బిల్లులన్నియు దానినుండియే పుట్టవలెను. అబద్ధమాడుటకు ఇంత కట్టుదిట్టమైన నియమములుగల గ్రంథము వేఱొకటి లేదని నా యభిప్రాయము. ఏ పుటలో ఏ మాయ యుండునో బావగారికి కరతలామలకము. క్వారీ ఊరిబయటనే యుండగా కంకరను దవ్వులనుండి తోలినట్లు 'లీడు' పెంచుట. గడ్డిపోచయు మొలవని బాటప్రక్క బెర్ములమీద ఏటేట తుమ్మపొదలను నఱికించుట. ఒక్క పనిని ముక్కలుచేసి, ఒక్కొక్క ముక్కను టెండరు అక్కఱలేనంత చిన్నది గావించి నామినేషనుమీద అయినవానికి కట్టబెట్టుట. మార్చి 31వ తేదీతో నిధులు మురిగిపోవునని రాత్రికిరాత్రి లాంతరు వెలుగున బాట వేయుట. వీనియందెల్ల ఆయన మెచ్చుకోలునకు పాత్రమైనది మురుగుకాలువ పూడికతీత. "వానలు పడి కాలవ నిండాక బిల్లు పెడతాడు. తీశాడో లేదో చూడాలంటే ఆడిట్ వాడు దూకి చూడాలి. ఈత వచ్చిన ఆడిట్ వాణ్ని నేను చూడలేదు" అని చెప్పునపుడు ఆయన కంఠమున రోషముకంటె రసికత యెక్కువగా ధ్వనించును.

ఇదియే నాకు మింగుడుపడని విషయము. ఆయన దొంగతనమును ద్వేషింతురనుకొంటిని గాని, ఆయన ద్వేషించునది చేతగాని దొంగతనమును. "తినడం కొత్తేం కాదోయ్. రాజుగారి సొమ్ము కాజెయ్యడానికి కౌటిల్యుడు నలభై మార్గాలు లెక్కపెట్టాడు. వీళ్లు అందులో నాలుగైదు కూడా సరిగా నేర్చుకోలేదు. బద్ధకం! మా రోజుల్లో తినేవాళ్లు, తిన్నది అరగడానికైనా రోడ్డు వేసేవాళ్లు." ఈ 'మా రోజులు' అను సువర్ణయుగమును గూర్చి నాకు స్వానుభవమొకటి కలదు. ఆయన స్వయముగా కొలిచి, సంతకముచేసి, బిల్లు నడపిన బాటమీదనే నేను సైకిలునుండి పడి ఎడమచేయి విఱుగగొట్టుకొంటిని. ఆ సంగతి ఎత్తినప్పుడెల్ల, లోపము బాటది కాదనియు బావమఱదులందఱును మలుపుకడ మితిమీఱిన వేగముతో పోవుదురనియు ఆయన సెలవిత్తురు.

దూరపుబంధువొకరు గతించినపుడు శవము వెంట నడచుచు ఆయన నా చెవికడ గొణిగిన మాట నేటికిని మఱపురాదు. శ్మశానపుబాట రికార్డులలో సిమెంటుబాటయట. పాదముల క్రింద మాత్రము ఒండ్రుమట్టి. "ఈ పనికి కాంట్రాక్టర్లు ఎందుకు ఎగబడతారో తెలుసా? ఈ దారిని వెళ్లినవాడు తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యడు." మోసికొని వచ్చినవారు తిరిగిపోవుదురు గదా యని నేను మెల్లగా ననగా, "వాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదుగా!" అనిరి. కొఱవిపట్టిన కుఱ్ఱవాడు సైతము మూతికి తువ్వాలు అడ్డము పెట్టుకొనవలసివచ్చెను.

అయినను ఆయనకు న్యాయము చేయవలెను. టీకొట్టుకడ ఎవడైనను "అంతా తినేశారండీ" అని తేలికగా ననెనా, బావగారికి కోపము ముంచుకొనివచ్చును. మాది రేగడినేల, వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు వాఱును, పైపొర యెంత మంచిదైనను క్రిందినేల కదలినచో పగులక మానదు. బాటకు ఇరుప్రక్కల వరిమళ్లలోను చేపలచెఱువులలోను నీరు నిలిచియుండును. చేపలలారీలనుండి దారిపొడవున మంచునీరు కారుచుండును. తారునకు నీటికంటె శత్రువు లేదు. పైగా ఇరుసుమీది బరువు రెట్టింపైనచో బాటకు కలుగు చేటు రెట్టింపు గాదు, ఇంచుమించు పదునాఱు రెట్లు. అమెరికాలోని ఇలినాయి రాష్ట్రమున 1950ల చివర లారీలను పనిగట్టుకొని త్రిప్పి చేసిన పరీక్షలనుండి ఈ లెక్క వచ్చినదని చెప్పి, టీ త్రాగవచ్చిన అమాయకునిచేత ఆయన ఆ గుణకారము చేయించి విడుతురు. ఏది నేల చేసిన పాపమో, ఏది లారీ చేసినదో, ఏది కాంట్రాక్టరు చేసినదో విడదీయలేనివాడు నోరెత్తరాదని ఆయన శాసనము. ఊరిలో ఈ మాట చెప్పువారు ఆయన ఒక్కరే గావున, ఒక్కొక్కప్పుడు నాకాయన పాదములకు నమస్కరింపవలెననిపించును.

ఆ కోరిక ఎక్కువకాలము నిలువదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ఆయన వార్ధక్యమునకు లభించిన వరము. సర్కారువారు చేయించిన పనిని తనిఖీ చేయుటకును, వాడిన సామగ్రినుండి ధ్రువీకరించిన నమూనాలు పొందుటకును పౌరునికి హక్కు కలదని ఆ చట్టములో చదివిన రాత్రి ఆయనకు నిద్రపట్టలేదట. మా వీథి సిమెంటుబాట పని ఆరంభమైనంతనే ఎస్టిమేటు, ఎం.బుక్కు నకలు, ఒక దోసెడు కాంక్రీటు నమూనా కోరుచు 10 రూపాయల స్టాంపు అంటించి అర్జీ పెట్టిరి. పింఛనుదారునకు శాఖతో తగవు తగదని, అర్జీ నా పేర పెట్టిరి. నాకు చెప్పలేదు. 30 దినముల గడువు చివరన 'సమాచారము సేకరింపబడుచున్నది' అను సమాచారము మాత్రము వచ్చెను. బాట వచ్చెను గాని, మా గుమ్మమునకు రెండు గజముల ఇవతల ఆగి, రెండు గజముల అవతల మరల ఆరంభమయ్యెను. పుస్తకములో మాత్రమది అవిచ్ఛిన్నము. లబోదిబోమని నేను పరుగెత్తగా బావగారు వచ్చి, ఆ గోతిని నాలుగువైపుల కొలిచి, కన్నులు చెమర్చగా, "భేషైన సాక్ష్యం! ఎవణ్నీ పూడ్చనివ్వకు" అనిరి. వానకాలమంతయు మా యింటికి పలక మీదుగా వచ్చిపోవుచుంటిమి.

ఒక్క విషయమున మాత్రము ఆయన పరిహాసమాడరు. సత్యేంద్ర దూబే యను ఇంజనీరు కథ అది. కాన్పూరు ఐఐటీలో చదివి, స్వర్ణ చతుర్భుజి రహదారిపనిలో ఝార్ఖండునందలి కోడర్మాకడ కొలువుచేయుచు, అచ్చటి అక్రమములను గూర్చి 2002లో ప్రధానమంత్రికి లేఖ వ్రాసి, తన పేరు గోప్యముగా నుంచుడని వేడుకొనినను అది చేతులు మాఱగా, 2003 నవంబరు 27వ తేదీన గయలో తుపాకికి బలియైన యువకుడాతడు. దారిదోపిడిలో జరిగిన హత్యయని దర్యాప్తువారు తేల్చిరి. 2010లో ముగ్గురికి శిక్షపడెను. ఆ వార్త అచ్చైన కాగితపుముక్కను బావగారు తమ పాత లెక్కలపుస్తకమున దాచుకొనిరి. అది చూపునపుడు వ్యాఖ్యానముండదు. "మన డిపార్టుమెంటు పిల్లాడే" అని మాత్రమందురు; ఆ యువకుడు వేఱు సంస్థవాడని చెప్పుటకు నాకు నోరు రాదు.

ఈ గౌరవమును ఆయనయే మొన్న చెడగొట్టుకొనిరి. ఒక యువ కాంట్రాక్టరు బిల్లుకాగితముల కట్టతో అరుగుకడకు వచ్చి, "బాబాయిగారూ, మీ చెయ్యి పడితే ఆడిట్‌లో ఆగదంటారు, ఒక్కసారి చూసి పెట్టండి" అనెను. బావగారు మండిపడి, ప్రజాధనమును, తమ నలువదేండ్ల పరువును పేర్కొని, వానిని వీథిమెట్లు దింపిరి. కాగితములు మాత్రము అరుగుమీదనే యుండెను. గాలికొక పుట తిరుగబడెను. బావగారి దృష్టి దానిమీద పడెను. "ఒరేయ్, ఆగు. ఏమిటిది? తుఫానునాడు గ్రావెల్ తోలినట్టు రాశావు! ఒక్క రోలరు ఒకే రోజు రెండు ఊళ్లలో తిరిగిందా? ఇంత అనాగరికమైన బిల్లు ఎలా పాసవుతుందనుకున్నావు?" అని ఎఱ్ఱపెన్సిలు తెప్పించి, దీపములు పెట్టువేళవఱకును తేదీలు కూర్చి, ఘనపరిమాణములు సరిపెట్టి, బిల్లును నిర్దోషముగావించి పంపిరి. పైకము ముట్టలేదు, ముట్టించుకొనువారు కారు. నాటి రాత్రి అంతరాత్మ క్షోభింపగా ఆ బిల్లుమీదనే ఆకాశరామన్న అర్జీ యొకటి వ్రాయ కూర్చుండిరి గాని, తెల్లవాఱులును వెదకినను అందులో పట్టుకొనుటకు తప్పు ఒక్కటియు దొరకలేదు.

ఉదయమున నేను వెళ్లునప్పటికి ఆయన ఖాళీకాగితము ముందుంచుకొని, "దేశం ఎక్కడ బాగుపడుతుందోయ్?" అని పిడికిలితో అరుగును గ్రుద్దుచుండిరి. కాఫీ తెచ్చిన అక్కయ్య నిలిచి, "ఏమండీ, వీధిలో రోడ్డు ఎన్నిసార్లు లేచిపోయినా ఈ అరుక్కి బీటైనా రాలేదు. మీరు ఉద్యోగంలో ఉండగా కట్టించిందే కదా. ఆ సిమెంటు ఎక్కడిదండీ?" అనెను.

బావగారు కాఫీని చాలసేపు ఊదిరి. "అది వేస్టేజి. ఎస్టిమేటులోనే ఉంటుంది."

"అయితే ఆ వేస్టేజి మీంచి కాస్త లేవండి, తడిగుడ్డ పెట్టాలి."