అర్జెంటు ప్రశ్నకు టీకా తాత్పర్యం

మూలం: "అన్నా, నా కోడ్ వర్క్ అవ్వట్లేదు, అర్జెంట్, ఎవరైనా హెల్ప్ చేయండి ప్లీజ్."

అవతారిక: పైథాన్ నేర్చుకుంటున్న విద్యార్థి అర్ధరాత్రి వేళ సహాయ బృందంలో వేసే ప్రశ్న ఇది. ప్రతులు అసంఖ్యాకం. "రావట్లేదు", "ఎర్రర్ కొడుతోంది", "ఏదో అయింది" అని పాఠాంతరాలున్నా అర్థభేదం లేదు. అర్థమంటూ ఉంటే గదా భేదం.

ప్రతిపదార్థం: అన్నా = వయసు తెలియని ఓ జవాబుదారుడా (అక్కలకూ ఇదే సంబోధన); నా కోడ్ = ఎక్కడినుంచో దించుకొని రెండుచోట్ల మార్చినట్టి ప్రోగ్రాము; వర్క్ అవ్వట్లేదు = మొదలే కావడం లేదు, లేక మధ్యలో ఆగింది, లేక తప్పు ఫలితమిస్తోంది (ఏదో తేల్చడానికి మూలంలో ఆధారం లేదు); అర్జెంట్ = తెల్లవారితే సబ్మిషన్ గలదై; ప్లీజ్ = పాదపూరణం.

విశేషం: వాక్యం వల్ల అర్థబోధ కలగాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలంటారు తార్కికులు. ఇక్కడ ఆకాంక్ష పుష్కలం. సన్నిధి బొత్తిగా లేదు. జాముకొక మాట పలికితే అది వాక్యం కాదని శాస్త్రం చెబుతుండగా, కర్త రాత్రి ప్రశ్న వేసి, పొద్దున ఎర్రర్‌ను ఫోనుతో ఏటవాలుగా ఫొటో తీసి పెట్టి, ఏ వెర్షనో సాయంత్రానికి చెబుతాడు. ఫొటోలోని అక్షరాలను కాపీ చేసి వెతకడానికి వీలుండదు కనుక ఎర్రర్‌ను అక్షరాలుగానే అతికించాలి.

యోగ్యత, అంటే మాటల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం, దాని సంగతి ఇంకా రసవత్తరం. తరచి అడిగితే కర్త "పాండాస్ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశాను" అంటాడు. ఎర్రరేమో "నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్" అంటుంది. రెండూ పొసగవు, కానీ తరచుగా రెండూ నిజమే. ఒకే కంప్యూటర్లో రెండు పైథాన్లుంటాయి. ఇన్‌స్టాల్ చేసే పిప్ ఒకదానిలో పెడుతుంది, ప్రోగ్రాము మరోదానితో నడుస్తుంది. ఈ విరోధాభాసను విప్పడానికి కావలసినవి ఆ రెండు వాక్యాలే. మూలంలో లేనివీ అవే.

పూర్వపక్షం: తెలిసినవాడు ఆ మాత్రం ఊహించలేడా? ఊహిస్తాడు. అయిదుగురు అయిదు విధాలుగా ఊహిస్తారు, కర్త అయిదూ చేసి కంప్యూటర్‌ను మరింత చెడగొట్టుకుంటాడు. లక్షణాలు చెప్పు, నీ అనుమానాలు కాదు అని ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ 2001లో ప్రశ్నించే పద్ధతిపై రాసిన వ్యాసంలోనే ఉంది.

శుద్ధపాఠం: "విండోస్ 11, పైథాన్ 3.12. పిప్‌తో పాండాస్ ఇన్‌స్టాల్ చేస్తే సక్సెస్ అని వచ్చింది. కానీ ఇంపోర్ట్ పాండాస్ అన్న ఒక్క లైన్ రన్ చేసినా నో మాడ్యూల్ అంటోంది." మూడొందల లైన్ల ప్రాజెక్టు ఇందులో లేకపోవడమే దీని గుణం.

తాత్పర్యం: జవాబిచ్చేవారికీ నియమముంది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మన మెతుకుసీమ కొలాచలం మల్లినాథసూరి, మూలంలో ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేశాడు. "గూగుల్ చెయ్" అనేవాడు రెండో భాగాన్ని మరీ పట్టుదలగా పాటించినవాడు. తాను నడిపి చూడకుండా యంత్రం రాసిచ్చిన జవాబును అతికించేవాడు మొదటిదాన్ని మీరినవాడు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులో చాట్‌జీపీటీ జవాబులను నిషేధించింది ఇందుకే. ప్రోగ్రాము ఏ పైథాన్‌తో నడుస్తోందో ముందు చూడమనీ, అదే పైథాన్‌తో "-ఎమ్ పిప్" అంటూ ఇన్‌స్టాల్ చేయమనీ చెబితే వ్యాఖ్య సంపూర్ణం.

గ్రంథపాతం: చివర "సాల్వ్ అయింది, థాంక్స్ అన్నా" అని కర్త వెళ్లిపోతాడు. రెండేళ్ల తర్వాత అదే ఎర్రర్‌తో వెతుక్కుంటూ వచ్చినవాడికి ప్రశ్న దొరుకుతుంది, కృతజ్ఞతా దొరుకుతుంది, జవాబు మాత్రం దొరకదు. ఏం మార్చాక పనిచేసిందో తెలిపే ఆ ఒక్క వాక్యం కర్త పడ్డ బాకీ.