ఆరంగుళాల మెట్టు

మా మామగారు మున్సిపాలిటీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వరండా నుంచి గేటు దాకా పరిచిన పేవర్ బ్లాకుల వాలు మీద, మొక్కలకు నీళ్ళు పోస్తూ అత్తగారు జారిపడ్డారు. మధ్యలో మెట్టు కట్టించి వాలు తగ్గించాల్సిందేనన్నారు మామగారు.

మేస్త్రి వచ్చి చూశాడు. "ఉన్న బ్లాకుల మీదే సిమెంటు పోసి మెట్టు లేపేద్దాం సార్. సాయంత్రానికి అయిపోద్ది."

"కింద ఏముందో తవ్వి చూడకుండా పైన పోసేదాన్ని పనంటారా? పూతంటారు!"

ఆ పూట మేస్త్రి మరి మాట్లాడలేదు. నాలుగు రోజులు పట్టింది. బ్లాకులు ఊడదీసి, మెట్టు వచ్చేచోట తవ్వి కాంక్రీటు పోశారు. దాని మీద ఆరంగుళాల ఎత్తు తేలేలా కర్బు రాయి నిలబెట్టారు. మిగతా బ్లాకులన్నీ ఇసుక మీదే గానీ, అంచు వరసను మాత్రం మాలులో కూర్చోబెట్టాలట. ఇసుక మీద పెడితే కాలు పడ్డప్పుడల్లా ముందుకు జరుగుతుందట. ఒంటి మెట్టు కంటికి ఆనదని అంచుకి ఎర్ర బ్లాకులు వేయించారు. కింది భాగానికి గేటు వైపు ఆరడుగులకు అంగుళం చొప్పున వాటం. నీళ్ళు నింపిన లెవెల్ పైపు రెండో కొస పట్టుకున్నది నేనే, అల్లుడి హోదాలో.

మెట్టు ముచ్చటగా ఉంది. అది అబద్ధమెందుకు చెప్పాలి?

ఆ వేసవిలోనే మా వీధికి కొత్త సిమెంటు రోడ్డు పడింది, పాతదాని మీదే. తొలి పెద్ద వానకు వీధి నీళ్ళన్నీ గేటు దాటి లోపలికొచ్చి ఎర్ర అంచు దాకా నిలిచాయి.

"ఇంకో రెండు మెట్లు కట్టించండి, పుష్కరాలకు పనికొస్తాయి" అన్నారు అత్తగారు వరండాలోంచి.

మామగారు ఏఈకి ఫోన్ కొట్టారు. ఒకప్పుడు ఆయన కింద పనిచేసినవాడే. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో నడిచొచ్చి నమస్కారం పెట్టాడు.

"ఎనిమిదంగుళాలు లేపారు! పాత రోడ్డు చెక్కకుండా పైన పోయమని నీకెవడయ్యా నేర్పింది?"

ఏఈ నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

"చెక్కే ఖర్చు ఎస్టిమేటులో రాస్తే కొట్టేసింది మీరే కదా సార్. నేను చేరిన మొదటి నెలలో."