నా లెక్కకు అందనివాళ్లు

బీదర్‌లోని ఒక స్కానింగ్ సెంటర్‌లో సీటీ తీసే టెక్నీషియన్ ఛాతీ మీద క్లిప్పుతో వేలాడుతుంటాను. నన్ను టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. ప్లాస్టిక్ పెట్టెలో ఒక అల్యూమినియం రేకు, దానికి మూడు బిళ్లలు, అంతే నేను. బిళ్లల్లో కాల్షియం సల్ఫేట్, రవ్వంత డిస్ప్రోసియం ఉంటాయి. తగిలిన ఎక్స్‌రే శక్తిని అవి లోపల దాచుకుంటాయి. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపి వేడిచేస్తే అదంతా వెలుగుగా బయటికొస్తుంది. ఎంత వెలుగో అంత రేడియేషన్. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నియమం ప్రకారం మా టెక్నీషియన్‌కు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. ఆయన సీసపు గాజు వెనక ఉంటాడు కాబట్టి నా లెక్క ఎప్పుడూ సున్నాకు దగ్గరే.

గాజుకు అవతల బల్ల మీద పడుకున్న మనిషి ఒంటి మీద మాత్రం నాలాంటిదేదీ ఉండదు. ఒక్క కడుపు స్కాన్‌కు సుమారు 10 మిల్లీసీవర్ట్‌లు, తలకు 2. ఛాతీ ఎక్స్‌రే అయితే 0.1. రోగికి ఇంతకు మించకూడదన్న హద్దు లేదు, పెట్టకూడదు కూడా. హుమ్నాబాద్ రోడ్డు మీద బండి పడి తలకు దెబ్బ తగిలినవాడికి స్కాన్ తీయాల్సిందే. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీ యంత్రం తొలి రోగి మెదడును చూపిన నాటి నుంచి అది నిలబెట్టిన ప్రాణాలెన్నో. నా బాధంతా అక్కర్లేకుండా తీసేవాటి గురించే.

2021 వేసవిలో, కరోనా రోజుల్లో, కొద్దిపాటి జ్వరం ఉన్నవాళ్లు కూడా ‘ఊపిరితిత్తుల స్కోరు ఎంతొచ్చింది?’ అని సీటీకి ఎగబడ్డారు. ఆ మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా, స్వల్ప లక్షణాలకు సీటీ వద్దని, ఒక్క స్కాన్ 300, 400 ఛాతీ ఎక్స్‌రేలకు సమానమని చెప్పారు. రేడియాలజిస్టుల సంఘం కాదంది. తక్కువ మోతాదుతో తీస్తే 5 నుంచి 10 ఎక్స్‌రేలంతే అంది. యంత్రాన్ని బట్టి అంకె మారుతుంది. వద్దన్న మాట మాత్రం సరైనదే.

పిల్లల విషయంలో నాకు మరీ భయం. ఎదిగే కణాలకు రేడియేషన్ ఎక్కువ హాని చేస్తుంది, ఆ హాని బయటపడటానికి బోలెడంత ఆయుష్షూ ముందుంటుంది. తొమ్మిది యూరప్ దేశాల్లో చిన్న వయసులో సీటీ తీయించుకున్న దాదాపు 9.5 లక్షల మందిని పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఒక్క స్కాన్ తర్వాత 12 ఏళ్లలో ప్రతి 10,000 మంది పిల్లల్లో ఒకరిద్దరికి ఆ కారణంగా రక్త క్యాన్సర్ రావచ్చని తేలింది. చాలా తక్కువే. కానీ స్కాన్ మీద స్కాన్ పడితే ముప్పూ పెరుగుతుంది.

బీదర్ తెలంగాణ సరిహద్దులోని కర్ణాటక ఊరు. జహీరాబాద్ వైపు నుంచి తెలుగువాళ్లు ఇటొస్తారు, ఇక్కడివాళ్లు పెద్ద రోగమంటే హైదరాబాద్ పోతారు. కాగితాలు మాత్రం మనిషి వెంట రావు. మొన్న ఒక పెద్దావిడ మనవణ్ని తీసుకొచ్చింది.

“పోయిన వారమే హైదరాబాద్‌ల తీసిండ్రు సారూ.”

“ఫిలిములేవమ్మా?”

“ఇంట్లనే ఉన్నయ్. మళ్ల తీస్తే ఏమైతది?”

మా టెక్నీషియన్ బటన్ నొక్కలేదు. డాక్టర్‌ను అడిగొచ్చి, “రేపు ఫిలిములు, సీడీ పట్టుకురా అమ్మా. అవి చూసినంక, కావాలంటేనే తీద్దాం” అన్నాడు. మర్నాడు డాక్టర్ సీడీ చూసి, కొత్త స్కాన్ అక్కర్లేదన్నాడు.

అయితే ఆ పిల్లవాడికి హైదరాబాద్‌లో ఎంత మోతాదు పడిందో రిపోర్టులో లేదు. స్కాన్ అయిన ప్రతిసారీ యంత్రం తెర మీద ఆ అంకె చూపిస్తుంది, నేను రోజూ చూస్తుంటాను. దాన్ని రిపోర్టు కింద ఒక్క వరుసలో రాసివ్వడానికి పైసా ఖర్చు లేదు. ప్రతి సెంటర్‌లోనూ రాసివ్వాలి, పిల్లల రిపోర్టులతోనే మొదలుపెట్టాలి.