అల్లుడింటి జాగిలం గురించి మామగారికి సవివర నివేదిక

బెర్లిన్ నుండి

పూజ్యులైన మామయ్యగారికి,

వేసవిలో బెర్లిన్ రానున్న తమరు, అల్లుడింట ఉన్న కుక్క ఏ జాతిది, కరుస్తుందా, ఎవరి మాట వింటుంది అని అడిగినందున, ఫోనులో దాని అరుపుల మధ్య సగం వినబడని సంగతులను ఈ లేఖలో వివరించడమైనది. రెండవ ప్రశ్నకు జవాబు చిన్నది: కరవదు. మూడవదానికి జవాబు తమకు తెలిసే ఉండాలి. ఆ ఇంట్లో అల్లుడు ఎవరి మాట వింటాడో కుక్కా వారి మాటే వింటుంది, వారు తమ కుమార్తె. మొదటి ప్రశ్నకే విస్తారమైన వివరణ అవసరం.

ఇది డాయిచ్ కుర్త్స్‌హార్ అనే వేట జాతి. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో దీన్ని జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ అంటారు. పాయింటర్ అంటే, పొదలో దాగిన పిట్ట వాసన తగలగానే మొరగకుండా, మీదికి దూకకుండా, ముందుకాలు ఒకటి పైకెత్తి, ముక్కు నుండి తోక దాకా బిగదీసుకుని, వేటగాడు వచ్చేవరకు అదే దిక్కును చూపుతూ నిలబడిపోయే కుక్క. ఈ నిలుపు పుట్టుకతో వచ్చే గుణం కనుక మాన్పించడం ఎవరి తరమూ కాదు. నగరంలో కౌజులు లేకపోయినా పావురాలకు కొదవ లేదు కాబట్టి, బస్టాపు రేకు మీది పావురానికి గురిపెట్టి కుక్కా, దాని బెల్టు పట్టుకుని తమ అల్లుడూ ఒకే భంగిమలో నిశ్చలంగా నిలిచి ఉండగా బస్సు వెళ్లిపోవడం ఆ వీధివారికి అలవాటైన దృశ్యం.

దీని చురుకుదనానికి నిందించవలసింది కుక్కను కాదు, చరిత్రను. 1848 నాటి విప్లవం వరకు జర్మన్ రాజ్యాల్లో వేట చాలావరకు ప్రభువుల సొత్తు. జాడ పసిగట్టడానికి ఒక జాతి, తరమడానికి ఒక జాతి, నీళ్లలో పడిన పిట్టను తేవడానికి మరొక జాతి చొప్పున వారికి కుక్కలూ, వాటిని మేపే మనుషులూ ఉండేవారు. ఆ తరువాత వేట హక్కు భూమి గలవారికి దక్కగా, అంత పరివారాన్ని పోషించలేని మధ్యతరగతి వేటగాళ్లు ఈ పనులన్నీ చేయగల ఒకే కుక్కను కోరుకున్నారు (మధ్యతరగతివారు ఏ దేశంలోనైనా ఒక్క జీతానికి నలుగురి పని చేసేవారినే వెతుకుతారు). పాతకాలపు బరువైన వేట కుక్కలకు వేగం కోసం, ముక్కు వాడి కోసం ఇంగ్లీషు పాయింటర్ రక్తాన్ని కలిపారు. 1891లో ఈ బెర్లిన్‌లోనే జాతి సంఘం ఏర్పడింది. అందం కన్నా పనితనమే ముఖ్యమని వాదించిన సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్ యువరాజు ఆల్బ్రెక్ట్ పేరిట ‘సోల్మ్స్’ అనే పరీక్ష శరదృతువులోనూ, పడుచు కుక్కలకు ‘డెర్బీ’ అనే పరీక్ష వసంతంలోనూ నేటికీ జరుగుతాయి.

జీవితమంతా జవాబు పత్రాలు దిద్దిన ప్రధానోపాధ్యాయులైన తమకు ఈ ఏర్పాటు నచ్చవచ్చు గాని, అల్లుడింటి కుక్క అందులో నెగ్గే రకం కాదని మనవి. అది తుపాకి మోతకు బెదురుతుంది. తుపాకికి బెదిరే కుక్క ఎంత తెలివైనదైనా వేటకు పనికిరాదు. పేరున్న పెంపకందార్లు ఈ జాతి పిల్లలను సాధారణంగా వేట లైసెన్సు ఉన్నవారికే ఇస్తారు కాబట్టి, ఇలా తప్పిన కుక్కలే జంతువుల ఆశ్రయం మీదుగా తమ అల్లుడి వంటి సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు దక్కుతాయి.

పరీక్ష తప్పినంత మాత్రాన కాళ్లు ఊరుకోవు. 2020లో నాటి జర్మనీ వ్యవసాయ మంత్రి యూలియా క్లోక్నర్, కుక్కను రోజుకు కనీసం రెండుసార్లు, మొత్తం గంటకు తగ్గకుండా బయట తిప్పాలనే నిబంధనను ప్రతిపాదించగా దేశమంతా పెద్ద వాదన చెలరేగి, 2022 జనవరి 1న అమలులోకి వచ్చిన నియమంలో గంటల లెక్క పోయి, తగినంత తిప్పాలన్న ఆదేశం మాత్రం మిగిలింది. ఎంత తిప్పితే తగినంతో తేల్చే అధికారాన్ని అల్లుడింట కుక్క తానే చేపట్టింది. దాని తీర్పు ప్రకారం రెండు గంటలు, వానైనా మంచైనా. గ్రూనెవాల్డ్ అడవిలో కుక్కలను విడిచిపెట్టగల పెద్ద ప్రాంతం ఉంది. అక్కడ అది వేట కుక్కల ఆనవాయితీ ప్రకారం ఎదురుగాలికి అడ్డంగా ఎడమకూ కుడికీ పరుగులు తీస్తూ సాగుతుంది కనుక, మనిషి ఒక కిలోమీటరు నడిచేలోగా తాను అంతకు ఎన్నో రెట్లు తిరిగి వచ్చి, ఇంకా అక్కడే ఉన్నారా అన్నట్లు చూస్తుంది. ఇటువంటి కుక్కను పరుగెత్తించి అలసట తెప్పించాలనుకోవడం చాలామంది యజమానులు చేసే పొరపాటు: దానివల్ల అలసట రాదు, దమ్ము పెరుగుతుంది. నిజంగా అలసట తెచ్చేది ముక్కుకు పని చెప్పడం. తువ్వాలు మడతల్లో, చెప్పుల పెట్టెల్లో మేతగింజలు దాచి వెతికిస్తే, అడవిలో దక్కని నిద్ర దానికి సోఫా మీద దక్కుతుంది. ఆ సోఫా తమ అల్లుడిదని కొనుగోలు రసీదులో మాత్రమే ఉంది.

ఖర్చు సంగతి అత్తయ్యగారికి చెప్పకపోవడమే మేలు. ఇక్కడ కుక్కకు పన్ను ఉంటుంది. బెర్లిన్‌లో మొదటి కుక్కకు ఏడాదికి 120 యూరోలు, ఆ పైన ప్రతి కుక్కకు 180. ప్రష్యా రాజ్యం 1810లో విలాసాల మీద పన్ను వేసినప్పుడు గుర్రాలు, బండ్లు, కుక్కలతో పాటు సేవకులను కూడా ఆ జాబితాలో చేర్చింది. సేవకుల పన్ను ఎప్పుడో పోయింది కాబట్టి సరిపోయింది. లేకుంటే ఈ ఇంట్లో కుక్క తన కింద పనిచేసే ఇద్దరి కోసం ఏటా సర్కారుకు చెల్లించవలసి వచ్చేది. దూరప్రయాణపు రైలులో పెద్ద కుక్కకు టికెట్టు కొనాలి గాని సీటు ఇవ్వరు. అది తెలియని కుక్క తమరి సీటు వైపు చూస్తే అన్యథా భావించవద్దు.

తిండి విషయంలో ఒక్క హెచ్చరిక. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ద్రాక్షా కిస్‌మిస్సులు మూత్రపిండాలకు చేటు చేయగలవు. కనుక అత్తయ్యగారు కట్టే వెల్లుల్లి కారం, కిస్‌మిస్ వేసిన మిఠాయిలు పెట్టె అడుగున, గట్టి మూత డబ్బాల్లో ఉండాలి. అయినా అది ఆ పెట్టె ముందు కాలెత్తి నిలబడుతుంది, తప్పదు.

కుక్కకు ఉదయపు షికారు ఆరు గంటలకు. తమరికి నిత్యం తెల్లవారుజామున నడిచే అలవాటు ఉన్నదని తమ కుమార్తె ఇదివరకే కుక్క ఎదుట చెప్పి ఉన్నందున, బురదలో జారని బూట్లు కొనడానికి తమరి కాలి కొలతను తిరుగు టపాలో తెలియజేయ ప్రార్థన. దుకాణంలో తగ్గింపు ధరలు ఈ నెలాఖరు వరకే.

ఇట్లు,
తమ అల్లుడు