ఆక్టేన్ బావ

ప్రతి కుటుంబంలోనూ ఒక ఆక్టేన్ బావ ఉంటాడు. ఒకప్పుడు ఈ స్థానంలో హోమియోపతి బాబాయి ఉండేవాడు, ఆ తరవాత షేర్ మార్కెట్ పెదనాన్న వచ్చాడు, ఇప్పుడు కార్ల కాలం. మా ఇంట్లో ఆ హోదా అక్క భర్తది. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న టర్బో కారుంది. పాత ఓనరు వెనకద్దానికి అతికించిన మంట బొమ్మ తప్ప రేసుకి సంబంధించిన వస్తువేదీ అందులో లేదు. పెట్రోలు అన్న మాట ఆయన నోట రాదు. అది స్కూటర్లవాళ్ల మాట. ఆయన పోయించేది ఫ్యూయల్.

బంకుకి ఆయనతో వెళ్లడం ఒక వ్రతం. తెల్లారకముందే బయల్దేరాలి, ఎండెక్కితే పెట్రోలు వ్యాకోచించి లీటరుకి తక్కువ పడుతుందట. పెట్రోలుండేది భూమి లోపలి ట్యాంకులో కదా, అక్కడికి మధ్యాహ్నపు ఎండ ఎలా వెళుతుంది బావగారూ అంటే, "నీకు తెలీదులేవోయ్" అంటారు. ఇంటి పక్కన బంకుంది, కానీ అక్కడ 100 ఆక్టేన్ దొరకదు. అది దొరికే బంకుకి వెళ్లిరావడానికి ఎంత కాలుతుందో మా అక్క ఒకసారి లెక్కగట్టబోతే ఆయన కాలిక్యులేటర్ దాచేశారు.

ఓసారి నేనూ పక్కనే ఉన్నాను. మా వంతు వచ్చింది. అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, కుర్రాడితో గంభీరంగా "హండ్రెడ్" అన్నారు. కుర్రాడు "జీరో చూస్కోండి సార్" అన్నాడు. బావ మీటరు వైపు చూడలేదు. ఇంత ఖరీదైన ఫ్యూయల్ పోయించుకునేవాళ్లు మీటరు చూస్తే బాగుండదని ఆయన ఉద్దేశం. రెండు నిమిషాలు కాకముందే కుర్రాడు మూత బిగించి చెయ్యి చాపాడు: "వంద, సార్." మామూలు పెట్రోలు, వంద రూపాయలకి. లీటరు కూడా లేదు. "మీరే కదా సార్ హండ్రెడ్ అన్నారు!" వెనక ఆటోవాడు హారన్. బావ దిగారు. ఉన్న పెట్రోలులో ఈ కాస్తా కలిసి ట్యాంకు మైలపడిపోయిందని కుర్రాడికి వివరించడం మొదలుపెట్టారు. వాడు ఫ్యూయల్ మూత లోపలున్న స్టిక్కరు చూపించి, "ఇక్కడ 91 చాలని రాసుంది కదా సార్" అన్నాడు. బావ బొటనవేలు అలవాటుగా వెళ్లి ఆ అంకెని కప్పేసింది.

ఆయన దృష్టిలో ఆక్టేన్ అంటే బలం. 91 బక్కది, 95 పరవాలేదు, 100 పహిల్వాను. నిజానికి ఆ అంకె కొలిచేది బలాన్ని కాదు, ఓర్పుని. సిలిండరులో పిస్టన్ గాలినీ పెట్రోలునూ కలిపి నొక్కేస్తుంది. ప్లగ్గు నిప్పు పెట్టాక మంట తన దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా ఒక మూల పెట్రోలు తనంతట తానే భగ్గుమంటే లోపల టకటకమని కొడుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దాన్నే. గట్టిగా నొక్కినా తొందరపడని ఐసో ఆక్టేన్‌కి 100, ఇట్టే అంటుకునే హెప్టేన్‌కి 0 ఇచ్చి, మిగతా పెట్రోళ్లని వాటి మిశ్రమాలతో పోలుస్తారు. ఇదంతా నేను చెబుతుంటే మా అక్క ఆసక్తిగా విని, "అయితే మీ బావగారికి ఎంత వేస్తార్రా?" అంది. ఆయన భగ్గుమన్నారు. అంకె వేయాల్సిన అవసరం లేకపోయింది.

ఆయన కొలిచే ఆ అంకెని తేల్చే పరీక్ష ఇంజిను ఒంటి సిలిండరుది, నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది. బావగారి కారు సిగ్నల్ దగ్గర ఊరికే గురకపెట్టేటప్పుడు కూడా అంతకంటే జోరుగానే తిరుగుతుంది. ఈ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

కాదంటే ఆయన స్పిట్‌ఫైర్ తీస్తారు. 1940లో బ్రిటన్ యుద్ధ విమానాలు 100 ఆక్టేన్‌తో ఎగరబట్టే హిట్లర్ ఆగిపోయాడు అన్నది ఆయన చరిత్ర. అందులో కొంత నిజముంది. ఆ పెట్రోలు వచ్చాక సూపర్‌చార్జర్ ఒత్తిడి పెంచుకోగలిగారు, అందువల్ల శక్తి పెరిగింది. ఒత్తిడి పెంచకపోతే పెట్రోలొక్కటీ ఏం చేసేది కాదు. ఇప్పటి మంచి టర్బో ఇంజన్లకైనా అంతే: 95 పోయమని కంపెనీ పుస్తకంలో రాస్తే పోయాల్సిందే. తక్కువది పోస్తే నాక్ సెన్సరు పసిగట్టి నిప్పుని కాస్త ఆలస్యం చేస్తుంది, లాగుడు తగ్గుతుంది. ఇంజిను వాడుకోగలిగే హద్దు దాటి ఎక్కువది పోస్తే మిగిలేది బిల్లు. కంప్యూటరు మార్పించి, బూస్ట్ పెంచి ట్రాకు మీద తోలేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి 100 అవసరమే. మా బావ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వెళ్లనిచ్చే లేన్‌లోకి రారు. అక్క పక్కన కూచుంటుంది కాబట్టి 80.

కారు తెలంగాణ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి "నాకింగ్ వస్తోంది" అన్నారొకసారి. అతను బానెట్ తెరవలేదు. డిక్కీ తెరిచాడు. పాతిక కిలోల సోనా మసూరి బస్తా, కొబ్బరికాయల సంచి, అక్క తులసికోట కోసం కొన్న రెండు సిమెంటు కుండీలు. ఆ కుండీలు ఒకదానికొకటి తగిలే చప్పుడు విని, తరవాత టైరుని కాలితో తన్ని, "సార్, గా వందది తర్వాత పోయించుర్రి. ముందుగాల టైర్లల్ల గాలి కొట్టించుర్రి" అన్నాడు.

అమెరికా ప్రయాణం ఆయనకి పెద్ద దెబ్బ. కొడుకు ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడి బంకులో మీటల మీద 87, 89, 93. కొడుకు 87 నొక్కాడు. బావగారికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. అంత ఖర్చుపెట్టి చదివిస్తే వీడు 87 పోయిస్తున్నాడా! అక్కడి అంకె వేరే లెక్క, రెండు పరీక్షల సగటు, మన లెక్కలో అది 91కి దగ్గరగా ఉంటుందని కొడుకు చెప్పాడు. ఆయన నమ్మినట్టే తలూపి, ఇంటికొచ్చాక చుట్టాలందరికీ ఫోన్ చేసి అమెరికా పని అయిపోయిందని చెప్పారు.

అంతకంటే పెద్ద దెబ్బ మన దగ్గరే తగిలింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలయ్యాక, దాని ఆక్టేన్ 108 పైచిలుకు కాబట్టి, మామూలు పెట్రోలే 95కి చేరింది. శక్తి కాస్త తగ్గిందన్నది వేరే సంగతి, అది బావగారి బాధ కాదు. ఇన్నాళ్లూ ఎక్కువ డబ్బిస్తేగానీ దొరకని 95, ఇప్పుడు పాలవాడి మోపెడ్‌లో కూడా పడుతోంది. రెండురోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఈ మధ్య ఎదురు ఫ్లాటాయన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. సెల్లార్‌లో చార్జింగ్ పెట్టుకుంటుంటే బావ చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లి, వైరు పొడుగునా ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు: "ఇది కొత్తగూడెం బొగ్గు కరెంటా, శ్రీశైలం నీళ్ల కరెంటా? శ్రీశైలందైతే పికప్ బాగుంటుందండీ."