సంస్కృతిని చాటడానికే ఓడ ఎక్కారట!

తెలుగు సభలు ఏ దేశంలో జరిగినా ఒక ఉపన్యాసం మాత్రం తప్పదు. మన పూర్వీకులు సప్తసముద్రాలు దాటి తెలుగు సంస్కృతిని చాటారహో అని. ఆపైన చప్పట్లు, శాలువా, చేతికో బుల్లి బొబ్బిలి వీణ.

నిజమే మరి! 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారంగా 20 లక్షల పౌండ్లకు పైగా ముట్టింది, బానిసలకు కాదు, వాళ్ల యజమానులకు. ఇక చెరకు నరికేదెవరు? సరిగ్గా ఆ కాలంలోనే మన విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లకు సంస్కృతీ ప్రచారం మీద మనసు పుట్టింది. కరవూ, అప్పులూ తరిమాయనడం గిట్టనివాళ్ల ప్రచారం. కోరంగిలో, మద్రాసులో మన రాయబారులు ఒప్పంద పత్రానికి తలూపి ఓడ ఎక్కారు. ఓడ దిగాక బోడి మల్లన్న అంటారు గానీ, వీళ్లు ఎక్కగానే అయ్యారు.

మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో మర్యాదలకేం లోటు లేదు. పదహారు రాతిమెట్లు ఎక్కించి, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు రాసుకుని, మనిషికో నంబరు ఇచ్చారు. చాలా తోటల్లో విడిది బానిసలు ఉండి వెళ్లిన పాకల్లోనే. గౌరవవేతనం నెలకు అయిదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత. ఒప్పందం తీరినవాడు సైతం 1867 తర్వాత ఫొటో అంటించిన చీటీ లేకుండా రోడ్డెక్కితే పోలీసుల పాలే.

అంత బతుకులోనూ వాళ్లు సింహాద్రి అప్పన్నను, అమ్మోరి పండగను, రామభజనను విడవలేదు. ఇప్పుడక్కడ ఉగాదికి సెలవు. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో జాబితాకెక్కింది. ఫిబ్రవరి 1న బానిసలను, నవంబరు 2న కూలీలను ఆ దేశం సెలవు ఇచ్చి మరీ తలుచుకుంటుంది.

మరి మనం? 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో ఏం జరిగిందో, తాండ్ర పాపారాయుడు ఏం చేశాడో ఇక్కడ ఏ పిల్లాడిని అడిగినా చెబుతాడు. చెప్పాల్సిందే. కోరంగి ఓడల సంగతి అడగండి, వాడి మాస్టారు కూడా గోడకేసి చూస్తారు. కత్తి పట్టి చచ్చినవాడు మనవాడు, చెరకు కత్తి పట్టి బతికినవాడంటే నామోషీ.

ఇవాళ్టికీ మన బొబ్బిలి, విశాఖ ప్రాంతం నుంచి మూటాముల్లెతో చెన్నైకో హైదరాబాదుకో కట్టడం పనులకు రైలెక్కేవాళ్లున్నారు. వాళ్లూ సంస్కృతిని చాటడానికే వెళ్తున్నారని రేపు ఏ సభలోనో సెలవిస్తారు కాబోలు.

వక్తలకో మనవి. ఈసారి మైకు అందగానే, మనవాళ్లు పొట్ట చేతపట్టుకుని బానిసల చోటికి కూలికెళ్లారని ముందు ఒక్క మాట అనండి. శాలువా తర్వాత కప్పించుకుందురు గాని.