సీలు విప్పని బాల్యం

అమెరికాలో చిన్నతనానికి గిరాకీ బాగా పెరిగింది. 2022 అక్టోబరులో మెక్‌డొనాల్డ్స్ వాళ్లు పెద్దల కోసమే ఓ భోజనం డబ్బా తెచ్చారు. బర్గరుతో పాటు నాలుగు కళ్ల బొమ్మ ఉచితం! జనం బర్గరు తిన్నారో లేదో గానీ, బొమ్మల్ని మాత్రం ఈబేలో అమ్మకానికి పెట్టేశారు.

అంతకు ముందు ఏడాది ‘సూపర్ మారియో 64’ వీడియో గేమ్ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. సీలు విప్పలేదు గనకే ఆ ధర. అంటే ఏ పిల్లాడూ ఆడుకోని ఆటకే విలువన్నమాట!

1999లో లాస్ వేగస్‌లో విడాకుల జంట ఒకటి బీనీ బేబీ బొమ్మలు పంచుకోవడానికి కోర్టు హాల్లోనే నేల మీద చతికిలబడింది. దీనికంటే మన అన్నదమ్ముల గట్టు తగాదాలే నయం.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? వీసా రాగానే చందమామ కట్టల్ని కిలోల లెక్కన తూకానికేసిన బాబే ఇప్పుడు డాలస్‌లో అర్ధరాత్రి దాకా వాటి స్కాన్ల కోసం ఇంటర్నెట్ గాలిస్తున్నాడు. అక్కడే పుట్టిన పిల్లల్ని కూర్చోబెట్టి ‘అమృతం’ కామెడీ సీరియల్ చూపిస్తూ “ఇక్కడ నవ్వాలిరా” అని బతిమాలుతున్నాడు. వాళ్లు సబ్‌టైటిళ్లు అడుగుతున్నారు.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకో మనవి: అటక మీద ఇంకా చందమామలుంటే పాత పేపర్లవాడికి వేయకండి. మీవాడు డాలర్లు పట్టుకుని వస్తున్నాడు.